కింది బంతి

జనవరి 22, బుధవారం

కడుపులో మాట దాగనివాడికి రహస్యం చెప్పడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఆ సంగతి మా బామ్మర్ది శివకుమార్‌కు తెలుసు. తెలిసి కూడా నాకే చెప్పాడు. వాళ్లక్కకు, అంటే నా పెళ్లాం నవనీతకు చెప్పొద్దన్నాడు. మా అత్తకు అసలే చెప్పొద్దన్నాడు. ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం సహించదు. అందుకే రాస్తున్నా. ఏడో తరగతిలో బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సారు క్షమించాలి. సారు మా బామ్మర్దే కదా, క్షమించకపోతే చెవి మెలేస్తా.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ. కోదాడ బస్సు దిగి నేరుగా నా బొమ్మల దుకాణానికి వచ్చాడు. బడిలో పాఠానికి ఒక బాస్కెట్ బాల్, ఒక టెన్నిస్ బంతి కావాలన్నాడు.

"సారువై బంతాట నేర్పుతున్నవా? మీకు జీతాలిచ్చుడు దండుగ."

"ఫిజిక్స్ బావా. బంతిల ఉన్నదంత అదే."

"బంతిల ఉండేది గాలి. సార్ల తలకాయల ఉన్నట్టే."

వాడు నవ్వి, పెద్ద బంతిని ఛాతీ ఎత్తున పట్టుకుని, దాని నెత్తిన చిన్న బంతి పెట్టి, రెండూ కలిపి వదిలాడు. చిన్న బంతి ఠప్పున లేచింది. దుకాణం రేకులు దాటి పోయి, అరటిపండ్ల బండి మీద పడింది. పెద్ద బంతి మాత్రం నేల మీదే కూలబడ్డట్టు ఉండిపోయింది. పండ్లామె నన్ను తిట్టింది. సూర్యాపేట బస్టాండు దగ్గర ఏం జరిగినా నన్నే తిడతారు. అంత పేరు సంపాదించుకున్నా.

"ఎట్లయింది, చెప్పు సైదయ్య బావా."

"మంత్రమేసినవ్."

"ద్రవ్యవేగం. పెద్దది ముందుగాల నేలకు తాకి పైకి మర్రుతది. అప్పటికి చిన్నది ఇంకా కిందికే వస్తుంటది. రెండు గుద్దుకుంటయి. పెద్దది తన దగ్గరున్నదంత చిన్నదానికి ఇచ్చి చల్లబడుతది."

"ద్రవ్యమంటే పైసలు గద? పైసలు ఉరికే స్పీడా? ఒకటో తారీఖు నీ జేబుల చూస్తం గద, ఆ స్పీడు."

"పైసలు గాదు. బరువు అనుకో. బరువు, ఉరుకుడు, రెండు కలిస్తె ద్రవ్యవేగం."

ఇంకో మాట కూడా అన్నాడు. "అక్క కిందుండె, నేను మీదుంటి బావా. గందుకే గింత ఎత్తు లేచిన." నవనీత అయిదుతో చదువు ఆపి, బీడీలు చుట్టి వాణ్ని సారును చేసింది. నిజమే. నిజమైన మాటలు నాకు పడవు. "అక్క పెద్ద బంతి అన్నవని చెప్తా ఆగు, లావున్నవ్ అన్నవని తంతది" అన్నా.

పండ్లబండి కిందికి దొర్లిన బంతి కోసం వాడు వంగాడు. వంగినవాడు లేవలేదు. బండి చక్రం పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు నేరేడుపండు రంగు. స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిస్తే అప్పుడు చెప్పాడు. బూట్లు విప్పి కాళ్లు చూపించాడు. బొటనవేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉంది.

"గుండె ఉబ్బిందట బావా. కొట్టే బలం తగ్గింది. మందులేసి చూద్దమన్నరు."

"మందులు పని చేయకపోతె?"

బంతిని చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"అమ్మకు తెలిస్తె నా వైద్యానికి గొర్ల మందంత అమ్ముతది. ఆ జీవాలు లేకపోతె అమ్మ బతకది. అక్కకు తెలిస్తె అమ్మకు తెలిసినట్టే. దురాజ్‌పల్లి జాతర దాటనీ. నేనే చెప్త."

సరే అన్నా. ఇప్పుడు ఇక్కడ కక్కా. తేలిక కాలేదు.


జనవరి 28

మందులు పని చేస్తున్నాయి. ఫోన్లో గొంతు బాగుంది. ఈ డాక్టర్లు ఊరికే భయపెడతారు.

పోయినసారి అదనంగా ఇచ్చిన టెన్నిస్ బంతుల్లో ఒకదానికి సన్నగా కోత పెట్టి, లోపల కాస్త దూది కూరి ఇచ్చా. తెలియక క్లాసులో ఎగరేశాడట. దుప్పున పడి లేవలేదు. పిల్లలంతా నవ్వారట. నన్ను తిడతాడనుకున్నా. తిట్టకుండా దాన్నే పాఠం చేశాడు. మంచి బంతిని, నా చచ్చిన బంతిని చెరో దారానికి కట్టి, నిలబెట్టిన చెక్కముక్క మీదికి ఊపాడట. మంచి బంతి కొట్టి వెనక్కి మళ్లింది, చెక్క పడింది. చచ్చినది కొట్టి అక్కడే ఆగింది, చెక్క నిలబడింది.

"ఆగిపోయేటి బంతి తెచ్చినంతే ఇస్తది బావా. మర్రిపోయేటిది తెచ్చింది ఇచ్చి, మర్రిపోనీకి ఇంకింత నూకుతది. గందుకే దాని దెబ్బ పెద్దది."

"అంటె మీ అక్క లెక్క. ఒకటంటె రెండంటది."

అటువైపు నవ్వు. నవ్వు మధ్యలో ఆయాసం. నాకు వినబడలేదు అనుకున్నా.


ఫిబ్రవరి 2, ఆదివారం

కోదాడ వెళ్లొచ్చా. వాడి భార్య గోపిక కాఫీ పెట్టింది. వాడు స్నానానికి వెళ్లగానే గొంతు తగ్గించింది.

"ఆయన అస్సలు వినట్లేదన్నయ్యా. మెట్లెక్కొద్దన్నారు, బరువు ఎత్తొద్దన్నారు. రోజూ స్కూల్లో పైఅంతస్తు ఎక్కుతున్నారు. వదినకి చెప్పేద్దామా?"

"జాతర దాటనియ్యమ్మా. వాడే చెప్తనన్నడు."

"మీకు మాట ఇచ్చారు కాబట్టి మీరు నమ్ముతున్నారు."

నేను మాటిచ్చానా, వాడు మాటిచ్చాడా? వచ్చే దారంతా బస్సులో అదే ఆలోచించా.


ఫిబ్రవరి 9

జాతర ఇంకో వారం. సరుకు తెచ్చా. బూరలు, పీపీలు, వలసంచుల్లో బంతులు.

నవనీత ఈరోజు బాంబు పేల్చింది. దురాజ్‌పల్లి గట్టు మీద చౌడమ్మకు పొట్టేలును ఇచ్చే మొక్కు మా మామ గట్టయ్యది. ఆయన ఉన్నన్నాళ్లు భుజాన ఎత్తుకుని కింది నుంచి కొన దాకా గట్టెక్కేవాడు. పోయినసారి జాతరకు ఆయన పోయిన మైల ఉండి మొక్కు ఆగింది. ఈసారి ఆపేది లేదంది.

"మా తమ్ముడే ఎత్తుకోవాలె. ఇంటి కొడుకు భుజమ్మీద ఎక్కితేనే మొక్కు చెల్లుతది."

"ఆటో మాట్లాడుదం. పొట్టేలు ఆటోల ఎక్కొద్దని చౌడమ్మ చెప్పిందా?"

"నీ పరాచికాలు దేవుని దగ్గర గూడనా?"


ఫిబ్రవరి 12, బుధవారం

చెప్పేశా.

నవనీత జాతర బూరలు కట్టలు కడుతోంది. ఎదురుగా కూర్చున్నా.

"శివ గట్టెక్కొద్దు నవనీతా. వాని గుండె బాగలేదు. ఉబ్బిందట."

చేతిలో కట్ట అలాగే ఉంచి నా మొహంలోకి చూసింది. నేను నవ్వలేదు. అదే తప్పయింది. పరాచికమాడేటప్పుడు నేను నవ్వనని పెళ్లయిన కాడి నుంచి దానికి తెలుసు.

"అబ్బో! పోయినేడు గొర్లకు ఆధార్ కార్డన్నవ్. ఇప్పుడు మా తమ్మునికి గుండె అంటున్నవా?"

ఆధార్ సంగతి ఏమిటంటే, అప్పట్లో గొంతు మార్చి మా అత్త బక్కమ్మకు ఫోన్ చేశా. గొర్లకు కూడా ఫోటోలు తీస్తున్నారు, కడిగి తయారుగా ఉంచాలి అన్నా. పాపం మాడుగులపల్లి కాలువలో మందంతా కడిగి, ఒక్కొక్కదానికి బొట్టు పెట్టి, రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. ఊరు ఊరంతా నవ్వింది. నేనే ఎక్కువ నవ్వా.

"అమ్మతోడు నవనీతా."

"మీయమ్మ పోయి ఎన్నేండ్లాయె! ఆమె మీద ఒట్టేస్తె ఆమెకేమైతది?"

"నిజం చెప్తున్న."

"నాకు తెల్వదా? పొట్టేలు మోసుడు తప్పిచ్చుకోనీకి వాడే నిన్ను పెట్టిండు." ఫోన్ తీసి స్పీకర్లో పెట్టింది. "తమ్మీ, మీ బావ నీకు గుండె జబ్బంటున్నడు. ఏందిరా ఇది?"

అటువైపు ఫ్యాన్ చప్పుడు వినబడింది. తర్వాత నవ్వు.

"బావ మాట నువ్వు ఇంక గూడ నమ్ముతున్నవా అక్కా?"

"నేనెందుకు నమ్ముత! పొట్టేలును ఎత్తుకుంటవా లేదా?"

"ఎత్తుకుంటనే."

నవనీత ఫోన్ పెట్టేసి పగలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. అంత బాగా నవ్వించడం ఈ మధ్య నా వల్ల కాలేదు.


ఫిబ్రవరి 13

వాడి మీద కోపం. రాయను.


ఫిబ్రవరి 17, సోమవారం

ఒళ్లంతా పొట్టేలు వాసన. రెండుసార్లు స్నానం చేసినా పోలేదు.

పొద్దున గట్టు కింద అందరం కలిశాం. అత్త మాడుగులపల్లి నుంచి పొట్టేలును తోలుకొచ్చింది. పసుపు రాసి, కొమ్ములకు మామిడాకులు కట్టింది. గజ్జెల లాగులు వేసుకున్నవాళ్లు డోలు చప్పుడుకు ఎగురుతున్నారు. ఎటు చూసినా గట్టు మీది స్వామిని పిలుస్తూ "ఓ లింగా" అని కేకలు. శివ తెల్ల పంచె కట్టి, నడుముకు తువ్వాలు బిగించి ఉన్నాడు. మొహం కడిగిన సున్నంలా ఉంది. గోపిక నన్నే చూస్తోంది.

నవనీత పసుపు నీళ్ల చెంబు కోసం పక్కకు తిరిగింది. నేను పొట్టేలు కాళ్లు పట్టి మెడ మీద వేసుకుని ఉరికా.

"ఓ లింగా! బామ్మర్ది పొట్టేలు బావ సొత్తు! పట్టుకోండ్రి సూద్దం!"

జనం విరగబడి నవ్వారు. వెనక నవనీత అరుపులు. "వద్దయ్యా! ఇంటి కొడుకు మొయ్యాలె! అల్లుడు మోస్తె మొక్కు చెల్లది!" ఆగలేదు. సగం గట్టుకే నా మోకాళ్లు పలికాయి. పొట్టేలు నా వీపు మీదుగా వెచ్చగా ఒకటికి పోసింది. జనం ఇంకా నవ్వారు. ఎవరో నా మొహం మీద పసుపు చల్లారు. పైకి చేరేసరికి నా కళ్ల ముందు నల్ల చుక్కలు తిరిగాయి. నాకే అట్లయితే వాడికి ఏమయ్యేదో!

కిందికి వచ్చాక నవనీత నాతో మాట్లాడలేదు. "మా నాయిన మొక్కు మంటగలిపినవ్" అని మాత్రం అంది. అత్త పొట్టేలు తాడు చేతికి చుట్టుకుని గట్టు వైపే చూస్తూ కూర్చుంది.

శివ చెప్పుల గుట్ట పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. పక్కకు చేరా.

"ఎట్లుంది మన ప్లాను? నీ శక్తంత మిగిల్చిన."

"కూసోని సూసుడుకు గూడ శక్తి కావాలె బావా" అన్నాడు.


మార్చి 9

మందులు పని చేస్తున్నాయి. ఇవాళ రెండుసార్లు నవ్వాడు.


మార్చి 16, ఆదివారం

వాడు సెలవు పెట్టాడు. నడుము నొప్పి అని నవనీతకు చెప్పాడట. దానికి నేను సాక్షి.

కోదాడ ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని బంతి వదులుతున్నాడు. టక్, టక్, టక్. ప్రతిసారీ కాస్త తక్కువ లేస్తుంది. చివరికి నేల మీద సన్నగా వణికి ఆగుతుంది. వంగలేడు కాబట్టి నేను అందిస్తున్నా. ఈ ఉద్యోగానికి జీతం లేదు.

"తక్కువైన శక్తి ఎటు పోయింది బావా?"

"నేల తిన్నది."

"నేల కొంచెం తిన్నది. చప్పుడు కొంచెం తిన్నది. బంతి వేడెక్కి తనే కొంచెం తిన్నది. పట్టుకొని సూడు, ఎచ్చగ లేదూ?"

పట్టుకుని చూశా. వాడి చేతి వెచ్చనో బంతి వెచ్చనో తెలియలేదు. ఉందన్నా.

"శక్తి పోదు. ఒక తీరు నుంచి ఇంకో తీరుకు మారుతది. లెక్కకు దొరుకుతది, మన చేతికి మర్రి రాదు, గంతే."

"చేతికి మర్రి రానిది పోయినట్టే గదరా!"

"పరీక్షల గట్ల రాస్తె సున్న ఏస్త."

"నువ్వే రాయి మరి. పోయినట్టు కాదని రాయి."

వాడు బంతి ఇంకోసారి వదిలాడు. ఇద్దరం ఆగే దాకా చూశాం. లోపల గోపిక పెట్టిన కుక్కర్ విజిల్ వేసింది. జాతర దాటి నెల అవుతోంది, ఎప్పుడు చెప్తావు అని అడిగా. వచ్చే ఆదివారం అమ్మ దగ్గరికి పోదాం, అమ్మకూ అక్కకూ కలిపి చెప్తా అన్నాడు.


మార్చి 23, ఆదివారం

శివ, నేను మిర్యాలగూడ మీదుగా మాడుగులపల్లికి ఆటోలో వెళ్లాం. నవనీత పొద్దున్నే అక్కడికి చేరింది. దారిలో వరి కోతలు మొదలయ్యాయి.

అత్త కొత్త గొర్రెపిల్లలను చూపించింది. ఒకదాన్ని వాడి ఒళ్లో పెట్టింది. అది వాడి చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చీకింది. అత్త వాడి చెంపలు పట్టుకుని చూసింది.

"ఏంది బిడ్డా గిట్ల ఎండుకపోయినవ్? పిల్లలు సతాయిస్తున్నరా బళ్లె?"

"సతాయిస్తున్నరే అమ్మా."

"గట్టిగ కొట్టు. మీ నాయిన గట్టిగ కొట్టేటోడు, నువ్వు సారువైనవ్."

నవనీత గారెలు వేస్తూ నన్ను ఒక చూపు చూసింది. పొట్టేలు కోపం పోలేదు. ఇప్పుడు చెప్తాడు అని నేను గోడకు ఆనుకుని నిలబడ్డా. వాడు నోరు తెరిచాడు.

"అమ్మా, ఇంక రెండు గారెలు పెట్టు" అన్నాడు.

తినలేక నాకు అందించాడు. నేను తిన్నా. తిరుగు ఆటోలో మిర్యాలగూడ దాటాక, "మంద బాగ పెరిగింది గద బావా" అన్నాడు. బాగా పెరిగిందన్నా.


మార్చి 30

పండగ పచ్చడి పంపా. బాగుందన్నాడు ఫోన్లో. బాగుంది గొంతు.


ఏప్రిల్ 8, మంగళవారం

శివ పోయాడు. పొద్దున స్నానానికి నీళ్లు తోడుకుంటూ.


ఏప్రిల్ 9

రాయడానికి ఏమీ లేదు.


ఏప్రిల్ 12

నవనీత తినడం లేదు. చాయ్ పెట్టిస్తే మీగడ కట్టే దాకా పట్టుకుని కూర్చుంటోంది. ఒకటే మాట. "నువ్వు చెప్పినవ్. నేను నవ్విన." ఎవరొచ్చి పలకరించినా వాళ్లకీ అదే. "ఈయన చెప్పిండు. నేను ఫోన్ పెట్టి మరీ నవ్విన."

వచ్చినవాళ్లు నా వైపు చూస్తారు. నేను వాకిలి వైపు చూస్తా.


ఏప్రిల్ 15

తినడం లేదు. నీళ్లు కూడా నేను పట్టిస్తేనే. ఇవాళ అద్దం ముందు నిలబడి నవ్వడానికి చూసింది. ఎట్లా నవ్వానో చూసుకుంటున్నానంది. అద్దం తీసి అటక మీద పెట్టా.


ఏప్రిల్ 18, శుక్రవారం

దినం అయింది. మనుషులు వచ్చారు, పోయారు. నేనేదో అని నవ్విస్తాననుకున్నట్టు కొందరు నా పక్కనే కూర్చున్నారు. లేచి వాళ్లకు నీళ్లు అందించా.


ఏప్రిల్ 20, ఆదివారం

చావు జరిగిన ఇంటివాళ్లను చుట్టాలు ఒక పూట తమ ఇంట్లో నిద్ర చేయించాలి. అత్తను, గోపికను సూర్యాపేటకు తీసుకొచ్చా. మధ్యాహ్నం అన్నాలు పెట్టా. ఎవరూ చెయ్యి పెట్టలేదు. నవనీత కంచం పక్కకు జరిపి నా ఎదురుగా కూర్చుంది. మనిషి సగమైంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"నీకు ఎట్ల తెలుసు? వాడే చెప్పిండా?"

గోపిక నీళ్ల గ్లాసుతో గడపలో నిలబడిపోయింది. అత్త తల ఎత్తింది.

అవునంటే? తమ్ముడు ఈయనకు చెప్పాడు, ఈయన నాకు చెప్పాడు, నేను నవ్వి పొట్టేలు ఎత్తుకోమన్నాను. ఇదే దాని లోపల రోజంతా తిరుగుతుంది. ఎంత తిరిగినా అరగదు. ఇంతకంటే ఎక్కువ రోజులు ఈ మనిషి తట్టుకోదు.

"నాకేం తెల్వదు" అన్నా.

"మరి గుండె అన్నవ్?"

"పరాచికమాడిన. పొట్టేలును నేను ఎత్తుకపోయి జాతరల నవ్విద్దమనుకున్న. వాడు మోయకుండ ఉండనీకి నోటికొచ్చింది అన్న. కాలు అనబోయి గుండె అన్న."

"నిజం చెప్పు."

"నిజం."

నవ్వకుండానే చెప్పా. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఈసారి నమ్మింది.

అత్త గోడ పట్టుకుని లేచి నా ముందుకు వచ్చింది. "నాలుక సాపు" అంది.

"అత్తా..."

"సాపు అంటున్న!"

చాపా. కిటికీ వెలుతురుకు నా గడ్డం పట్టి తిప్పింది. గొర్రె పండ్లు చూసి వయసు చెప్పే చేతులు అవి. వేలితో నాలుక కొన పక్కకు తోసింది.

"ఉన్నది. నల్లగ ఉన్నది మచ్చ. మచ్చ నాలుకోడు అన్నది తప్పదు. నా కొడుకు పేరు పెట్టి అన్నడు."

నవనీత గొంతులోంచి వచ్చిన అరుపు నేను ఎన్నడూ వినలేదు. కంచం నా ఛాతీకి తగిలింది.

"నీ నోరు పడిపోను! మొక్కు చెడగొడితివి, చావుమాట అంటివి! నా తమ్మున్ని మింగితివి గదరా!"

పిడికిళ్లతో కొట్టింది. కొట్టనిచ్చా. అన్నం మెతుకులు చొక్కా మీద ఉన్నాయి. అత్త ఆపలేదు.

సాయంత్రం గోపిక దుకాణానికి వచ్చింది. బయట నిలబడే అడిగింది.

"ఎందుకలా చెప్పారన్నయ్యా? మీకు ఆయనే చెప్పారని నాకు తెలుసు కదా. నేను వదినకి చెప్పేస్తాను."

"చెప్పకమ్మా."

"మీ తప్పేం లేకుండా ఇంత మాట పడతారా?"

"ఆమె తన మీదేసుకుంటె లేవదు. నా మీదేస్తె నాకేంది? ఈ బజార్ల అందరు నన్నే తిడతరు."

"ఎన్నాళ్లు?"

"నువ్వు చెప్పనన్నాళ్లు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.


ఏప్రిల్ 22

నన్ను చూసినప్పుడల్లా ఉమ్ముతోంది. "నువ్వు చెప్పినవ్, నేను నవ్విన" అనే మాట ఇవాళ లేదు.


ఏప్రిల్ 23

ఇవాళ కూడా లేదు. చాయ్ తాగింది.


ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున వంటింట్లో చప్పుడుకు మెలకువ వచ్చింది. నవనీత తనే లేచి స్టవ్ వెలిగించింది. అన్నం వండింది, చింతకాయ తొక్కు తీసింది. "మచ్చ నాలుకోడా, తిని సావు" అని నా ముందు కంచం విసిరినట్టు పెట్టింది.

తర్వాత తన కంచం పెట్టుకుంది. నాకు వీపు చేసి కూర్చుని ఒక్కో ముద్ద తిన్నది. మధ్యలో తొక్కు అందుకోవడానికి ఇటు తిరిగింది.

నేను పెదవులు బిగించి, నాలుక కనబడకుండా నమిలా.